మేం కొనని ఇంట్లో నన్ను చూసినావిడ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక కూడా నన్ను ఆ నమ్మేవాళ్లలో కలపొద్దు. పద్దెనిమిదేళ్లుగా గవర్నర్‌పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రక్తం తీస్తాను, స్లైడు మీద వేసి చూస్తాను, కనిపించింది రాస్తాను. కనిపించనిది రాయను. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అమ్మీ దువా చదివి ఊదేది. నేను పక్కన థర్మామీటర్ పట్టుకుని నిలబడేదాన్ని.

అందుకే ఈ సంగతి ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసేది కూడా నేను చూసింది, విన్నది మాత్రమే. నాకు అర్థమైందని మాత్రం అనుకోకండి.

నా పేరు నజీమా. మా ఆయన ఖాదర్ ఆటోనగర్‌లో బైకులకు సీటు కవర్లు కుడతారు. ఒక్కతే కూతురు, గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పెళ్లయినప్పటి నుంచీ వన్‌టౌన్‌లో కొండవాలు మీద అద్దె ఇళ్లే. ఎనభై మెట్లు ఎక్కాలి. నీళ్ల బిందె, గ్యాసు బండ, బియ్యం బస్తా అన్నీ ఆ మెట్ల మీదే. కిందకు మారదామని చాలా ఇళ్లు చూశాం. ఫోన్లో బాగానే మాట్లాడేవారు. పేరు చెప్పగానే, "అయ్యో, ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామండీ" అనేవారు. అలా ఎన్నిసార్లో అయ్యాక మా ఆయన అన్నారు, "అద్దెకు మనల్ని అడిగేవాడుంటాడు. కొనుక్కుంటే ఎవడడుగుతాడు?"

ఉయ్యూరులో ఇల్లు అలా చూశాం. బ్రోకర్ ఒకాయన చెప్పాడు. రెండు పడగ్గదులు, ముందు వసారా, వెనక చిన్న పెరడు. యజమాని శేషగిరిరావు గారు గుమస్తాగా చేసి రిటైరయ్యారు. అదే ఊళ్లో ఇంకో ఇంట్లో ఉంటారు. ఈ ఇల్లు వాళ్ల నాన్నగారిది. రెండేళ్లుగా తాళం వేసి ఉందని చెప్పారు.

మేం వెళ్లింది మిట్టమధ్యాహ్నం. చెరకు ఆడే రోజులు. రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లు, గాలిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డి వాసన. మా ఆయన, బ్రోకరు ముందు గదిలో మాట్లాడుకుంటుంటే నేను పెరట్లోకి వెళ్లాను. ప్రహరీ గోడ అవతల ఒక పెద్దావిడ బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏమ్మా నజీమా, చెయ్యి తగ్గిందా?" అంది.

బ్రోకర్ నా పేరు చెప్పి ఉంటాడనుకున్నాను. "చేతికేమీ కాలేదండీ" అన్నాను.

ఆవిడ గోడ దగ్గరికొచ్చి నా ఎడమచేతి వంక చూసింది. వెనక్కీ ముందుకీ తిప్పి చూపించమంది. చూపించాను. "మచ్చ కూడా లేదే!" అని తనలో తను అనుకున్నట్టు అని, లోపలికెళ్లిపోయింది. ఆవిడ పేరు కోటేశ్వరమ్మ గారని తర్వాత తెలిసింది. ఎవరినో చూసి నేననుకుందని సరిపెట్టుకున్నాను.

ఇల్లు ఇద్దరికీ నచ్చింది. మెట్లు లేవు, అదొక్కటి చాలు నాకు. వారం తిరక్కుండానే శేషగిరిరావు గారింట్లో కూర్చుని అగ్రిమెంటు రాసుకున్నాం. అడ్వాన్సు ఇచ్చాం. నా గాజులు అందులోకే వెళ్లాయి. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అనుకున్నాం. మేము వెనక్కి తగ్గితే అడ్వాన్సు పోతుందని అగ్రిమెంటులో ఒక వాక్యం ఉంది. అందరి అగ్రిమెంట్లలోనూ ఉంటుందన్నారు. నిజమే, ఉంటుంది.

తర్వాత కిటికీలకు కర్టెన్ల కొలతలు తీసుకుందామని ఇద్దరం మళ్లీ వెళ్లాం. వెంట తెచ్చుకున్న చిన్న స్టవ్ మీద టీ పెట్టుకుందామని నేను వీధి చివర కొట్టుకెళ్లి రెండు పాల ప్యాకెట్లు అడిగాను. కొట్టాయన రెండోది ఇస్తూ, "చుట్టాలొచ్చారాండీ? ఎప్పుడూ ఒకటేగా తీసుకుంటారు" అన్నాడు.

నేను ఆ కొట్టుకు వెళ్లడం అదే మొదటిసారి. ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వి, "మా కొట్టుకు రావడం మొదటిసారా!" అన్నాడు, నేనేదో హాస్యమాడినట్టు.

మా ఆయనకు చెప్తే, "మంచిదేగా, అప్పుడే ఊరిదానివైపోయావు" అన్నారు. నేనూ నవ్వాను.

అది జరిగిన రెండు వారాలకు ఒక ఉదయం డ్యూటీకి ఆలస్యమవుతోందని, ప్రెషర్ పూర్తిగా దిగకుండానే కుక్కర్ మూత తీశాను. ఆవిరి మొత్తం ఎడమ చేతి మీద కొట్టింది. వేళ్ల మొదళ్ల నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. మా ఆయన చల్లటి నీళ్లు పోస్తుంటే, నొప్పి మధ్యలో ఆవిడ మాట గుర్తొచ్చింది. చెయ్యి తగ్గిందా?

ఇది కాకతాళీయం కావచ్చు. వంట చేసే ఆడవాళ్లలో చెయ్యి కాలనివాళ్లెవరు? ఆ మాటే నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

రిజిస్ట్రేషన్‌కు ఇంకా నెలన్నర ఉందనగా మా ఆయన తనకు తెలిసిన మేస్త్రీని తీసుకుని ఇల్లు చూపించడానికి బయల్దేరారు. చేతికి కట్టుతోనే నేనూ వెళ్లాను. మేస్త్రీ వెనక గోడ మీద వేళ్లతో కొట్టి చూసి, పుట్టీ గీకాడు. కింద నుంచి పైదాకా పగులు. నల్లరేగడి నేల, పునాది కుంగిందన్నాడు. ఆ గోడ ఒక్కదానికే కొత్త సున్నం ఎందుకు వేశారో అప్పుడర్థమైంది. ఆ రోజే బ్రోకర్ పంపిన పన్ను రసీదు చూస్తే ఇంకోటి కూడా బయటపడింది. ఇల్లు ఇంకా శేషగిరిరావు గారి నాన్నగారి పేరు మీదే ఉంది. మైలవరంలో ఉన్న చెల్లెలికీ వాటా ఉంది, ఆవిడ సంతకం ఎక్కడా లేదు.

మా ఆయన, మేస్త్రీ పెరట్లో టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నారు. నేను పక్కింటికెళ్లాను. ఇక అడిగేద్దామనుకున్నాను.

కోటేశ్వరమ్మ గారు వంటగది గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా చేతి కట్టు చూడగానే ఆవిడ మొహం తేలికపడింది. "ఆ, ఇదే. ఇదే కట్టు. నేనేమన్నా పొరబడ్డానేమోనని అప్పట్నుంచీ బుర్ర పాడుచేసుకుంటున్నా" అంది.

"మీరు నన్నెక్కడ చూశారు పిన్నిగారూ?"

"ఎక్కడేంటమ్మా, ఈ పక్కింట్లోనే. పొద్దున్నే వసారాలో కూర్చుంటావుగా. నాలుగు చిక్కుళ్లిస్తే వద్దంటావు, ఒక్కదానికి ఎందుకండీ అని. మీ ఆయన పోయాక..."

అక్కడ ఆగింది. నా భుజం మీదుగా పెరట్లోకి చూస్తోంది. గోడవతల మా ఆయన నిలబడి, చేతిలో టేపుతో మేస్త్రీకి ఏదో చెబుతూ నవ్వుతున్నారు.

"ఆయనెవరమ్మా?"

"మా ఆయనండీ."

ఆవిడ ఒళ్లోని పళ్లెం పక్కన పెట్టింది. కింద రాలిన చిక్కుడు గింజలు ఒక్కొక్కటే ఏరింది. ఆఖరికి, "నన్నింకేం అడగొద్దు తల్లీ. నాకే తెలియట్లేదు" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆవిడకు మతిమరుపేమో అనుకుంటారని చెబుతున్నాను. ముప్పయ్యేళ్లు అంగన్‌వాడీలో పనిచేసిన మనిషి. ఊళ్లో ఏ పిల్లకు ఏ టీకా ఎప్పుడు వేశారో ఇప్పటికీ చెబుతుందని కొట్టాయనే తర్వాత చెప్పాడు.

ఆ రోజు బస్సులో మా ఆయన కిటికీ పక్కన కూర్చుని ధర ఎంత తగ్గించమనాలో ఆలోచిస్తున్నారు. నేను ఆయన చెవి కింద మెడ మీద నరం కొట్టుకోవడం చూస్తూ కూర్చున్నాను. ఏం చెప్పాలి? మీరు పోతారని ఒకావిడ అంది, అందుకని ఇల్లొద్దు అనా?

మర్నాడు ఆయన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లి రక్తం తీశాను. షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీ, లివర్ అన్నీ చూశాను. ఈసీజీ తీయించాను. అన్నీ బాగున్నాయి. పది రోజులకు మళ్లీ తీశాను. మూడోసారి చొక్కా చెయ్యి మడుస్తూ, "నా రక్తం ఎక్కడన్నా అమ్ముకుంటున్నావా ఏంటి?" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

పగులూ, చెల్లెలి సంతకమూ నాకు దేవుడిచ్చిన దారిలా కనిపించాయి. ఇన్ని లోపాలున్న ఇల్లు వద్దనడానికి వేరే కారణమెందుకు? ఇద్దరం శేషగిరిరావు గారింటికి వెళ్లాం. ఆయన ఒప్పుకోరు, గొడవవుతుంది, బేరం చెడుతుంది అనుకుంటూ వెళ్లాను. ఆయన మాకు కాఫీ ఇచ్చి, "తప్పు నాదేనండీ, ముందే చెప్పాల్సింది" అన్నారు. మా ఆయన అడిగినంతా తగ్గించారు. నెల తిరిగేసరికి చెల్లెలిని మైలవరం నుంచి తీసుకొచ్చి సంతకం పెట్టించారు. ఇంకో వారానికి గోడ కింద కాంక్రీటు వేయించి, పగులు కట్టించి, మా మేస్త్రీనే పిలిచి చూసుకోమన్నారు. మేస్త్రీ బాగుందన్నాడు.

నేను బయటపడదామని పట్టుకున్న ప్రతి వంకనూ ఆయన మంచిగా, మర్యాదగా తీసేస్తూ వచ్చారు. ఆఖరికి ఆ ఇంట్లోకి వెళ్లకుండా ఉండటానికి నా దగ్గర ఒక్క కారణమే మిగిలింది. అది పైకి చెప్పేది కాదు. మా ఆయనేమో వసారాకు ఏ రంగు వేయాలో, కుట్టు మిషను ఎటు తిప్పి పెడితే వెలుగు పడుతుందో చెబుతుండేవారు. పెళ్లయ్యాక ఆయన్ని అంత ఉత్సాహంగా చూడటం అదే మొదటిసారి.

రిజిస్ట్రేషన్‌కు తొమ్మిది రోజులుందనగా గోడకు వేసిన సున్నం ఆరిందో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. ఆయనకు షాపులో పని. తాళం చెవి అగ్రిమెంటు రోజు నుంచీ మా దగ్గరే ఉంది. నేను ఆ ఇంట్లోకి అడుగుపెట్టేటప్పటికి పదకొండు దాటింది. వాచీ చూసుకున్నాను, కచ్చితంగా గుర్తు.

గోడ చూశాను. ఆరింది. ఇక వెళ్దామనుకున్నాను. తర్వాత సంగతి నాకు గుర్తున్నంత వరకే చెప్పగలను.

ఫోను మోగుతోంది. నేను మధ్యగదిలో గోడకానుకుని కింద కూర్చుని ఉన్నాను. చీర కొంగు నడుముకు దోపి ఉంది. చేతిలో చీపురుంది. ఇల్లంతా ఊడ్చి ఉంది. ప్రతి గదిలోని దుమ్మూ, సున్నం పెళ్లలూ పోగు చేసి గుమ్మం పక్కన ఉన్నాయి. నా హ్యాండుబ్యాగు తలుపు వెనక మేకుకు తగిలించి ఉంది. చెప్పులు బయట విప్పి ఉన్నాయి, కాళ్లు కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. టైము రెండున్నర. ఫోన్లో మా ఆయన కాల్స్ ఆరో ఏడో ఉన్నాయి.

నాకు గుర్తున్నది పది నిమిషాలు. నేను స్పృహ తప్పలేదు. నిద్రపోలేదు. నిద్రపోయిన మనిషి ఇల్లు ఊడవదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇది: ఆ కూర్చోవడంలో నాకు ఏ కంగారూ లేదు. పనంతా అయ్యాక ఇంక చేసేదేం లేక, ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేక కూర్చునే మనిషిలా ఉన్నాను. అంత ఖాళీగా నేను బతుకులో ఎప్పుడూ కూర్చోలేదు.

లేచి వీధి తలుపు దగ్గరికి పరిగెత్తాను. లోపల గడియ పెట్టి ఉంది. నేను పెట్టిన గుర్తు లేదు. లాగితే రాలేదు. రెండు చేతులా లాగాను, కాలిన చెయ్యి మళ్లీ చిట్లింది. పెరటి తలుపుకూ గడియే, అది అసలు కదల్లేదు. మళ్లీ వీధి తలుపు దగ్గరికొచ్చాను. ఈసారి నా చెయ్యి తలుపును కొద్దిగా పైకెత్తి, కుడివైపుకు నెట్టి, గడియ లాగింది. సులువుగా వచ్చేసింది.

ఆ కిటుకు నాకెవరూ చెప్పలేదు. నా చేతికి మాత్రం తెలుసు.

బస్టాండు దాకా చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లానని బస్సెక్కాక చూసుకున్నాను.

ఆ సాయంత్రం ఆయనతో ఇల్లొద్దన్నాను. ఎందుకన్నారు. కంచం ముందు పెట్టి అన్నం వడ్డించాను. ఆయనకు కోపం వచ్చింది. మా కాపురంలో ఆయన గొంతు పెంచింది రెండు మూడుసార్లే, అందులో అదొకటి. "కొండ మీదే చద్దామా అయితే?" అన్నారు. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున ఆయన టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. చెయ్యి, పాల ప్యాకెట్టు, చిక్కుడుకాయలు, చీపురు, గడియ.

వెక్కిరిస్తారనుకున్నాను. గ్లాసు కింద పెట్టారు.

"అందుకా రక్తం తీస్తోంది?"

"ఊఁ."

"నేను నమ్మను నజీమా. కానీ నువ్వు నన్నిలా చూస్తుంటే ఆ ఇంట్లో నేను బతకలేను."

ఆయనే వెళ్లి చెప్పారు. శేషగిరిరావు గారు చాలా బాధపడ్డారట. "గోడ బాగుచేయించాను, చెల్లెలిని తీసుకొచ్చాను, ఇంకేం చేయమంటారు ఖాదర్ గారూ?" అన్నారట. మా ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదండీ అని తప్ప మా ఆయన ఇంకో మాట అనలేదు. వేరే పార్టీ దొరికితే కొంత మినహాయించుకుని మిగతాది ఇస్తానని, అప్పటిదాకా అగ్రిమెంటు అలాగే ఉంటుందని ఆయన అన్నారు. దొరకకపోతే అడ్వాన్సంతా పోతుంది, అంత పోగొట్టుకునే స్తోమత మాకు లేదు కాబట్టి ఇల్లు మాదే.

అలా ఐదు నెలలు గడిచాయి. ఆ కాగితం మా బీరువాలో ఉంది. మా ఆయన దగ్గితే నాకు ఆ కాగితం గుర్తొచ్చేది. రావడం పావుగంట ఆలస్యమైతే షాపు పక్కవాళ్లకు ఫోన్ చేసేదాన్ని. బయట ఎవరితోనూ చెప్పుకోలేను, లోపల పెట్టుకోలేను. ఇద్దరం కొండ మీదే ఉన్నాం కానీ నేను మాత్రం ఆ ఇంట్లోంచి పూర్తిగా బయటికి రాలేదు.

ఆఖరికి పార్టీ దొరికిందని ఫోనొచ్చింది. మా అగ్రిమెంటు రద్దు చేసి వాళ్లతో కొత్తది రాయాలి. మా ల్యాబ్‌కు రెండు వీధుల అవతలే దస్తావేజులు రాసే ఆఫీసులో కలిశాం. కొత్తగా కొనేవాళ్లు చిన్నవాళ్లు. అబ్బాయికి ముప్పై ఉంటాయేమో, ఆ అమ్మాయి ఇంకా చిన్నది. అతనికి ఉయ్యూరులో కొత్తగా ఉద్యోగం వచ్చిందట. మగవాళ్లు కాగితాలు చూస్తుంటే ఆ అమ్మాయి నా పక్కన కుర్చీలోకొచ్చి కూర్చుంది.

"ఇల్లు చాలా బాగుందక్కా. మీరెందుకు వద్దనుకున్నారు?"

"వెనక గోడ పగిలింది. బాగుచేయించారులే. చెల్లెలి సంతకం కూడా పెట్టించారు" అన్నాను.

"అవును, అంకులు అన్నీ చెప్పారు. అంతేనా? ఇంకేం లేదుగా?"

మా ఆయన తలెత్తి నా వంక చూశారు. ఆ అమ్మాయి భర్త సంతకం చేయడానికి పెన్ను మూత తీస్తున్నాడు. నేను ఉందంటే వాళ్లు లేచి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిపోతే ఇల్లు మళ్లీ మాదవుతుంది.

"ఇంకేం లేదమ్మా" అన్నాను.

ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ మా ఆయన ఆ ఇంటి మాటే ఎత్తలేదు.

ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. మా ఆయన నిక్షేపంలా ఉన్నారు. కోటేశ్వరమ్మ గారు చూసింది ఎవరిని? నేనే అయితే, ఆ ఇల్లు వదిలేశాక ఆ బతుకు ఎక్కడికి పోయింది? పోయిందా, లేక ఇంకెవరి మీదన్నా పడిందా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు దొరకలేదు. రిపోర్టు రాయమంటే ఖాళీ కాగితమే ఇవ్వగలను.

ఆఫీసు మెట్ల దగ్గర ఆ అమ్మాయి నా ఫోన్ నంబరు అడిగి తీసుకుంది, ఇంటి గురించి ఏదైనా అవసరమొస్తే అడుగుతానంది. తన నంబరు నేను తీసుకోలేదు. ఇంతవరకూ ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. తెలియని నంబరు మోగితే మాత్రం ఇప్పటికీ ఫోన్ మా ఆయన చేతికిచ్చి, ఆయన ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసేదాకా వంటగదిలో నిలబడి ఉంటాను.